3 చదరపు మీటర్ల పవర్ కైట్‌కి బార్ ఇంట్లో చేసుకోవచ్చా? పైపు, లైన్లు, సేఫ్టీ

మంగినపూడి_గాలి:

నమస్తే అండి. నా దగ్గర 3 చదరపు మీటర్ల ఫాయిల్ కైట్ (కర్రలు లేకుండా గాలికి ఉబ్బే గుడ్డ పవర్ కైట్, మనిషిని లాగేంత బలమున్న గాలిపటం) ఉంది. ఫిక్స్‌డ్ బ్రిడిల్ (కైట్‌కి కట్టిన, పొడవు మారని తాళ్ల గుత్తి), నాలుగు లైన్లు (బరువు మోసే పవర్ లైన్లు రెండు, వెనక అంచుని లాగే బ్రేక్ లైన్లు రెండు), రెండు హ్యాండిళ్లు. సెకండ్ హ్యాండ్‌ది. గుడ్డ, బ్రిడిల్ బాగున్నాయి. పవర్ లైన్లలో ఒకటి మధ్యలో తెగితే ముడేసి ఇచ్చారు, బ్రేక్ లైన్లు పీచు లేచాయి. ఎలాగూ లైన్లు మార్చాలి కదా, పనిలో పనిగా హ్యాండిళ్లు తీసేసి బార్ (రెండు చేతులతో పట్టుకుని కైట్‌ని తిప్పే ఒకే కడ్డీ) చేసుకుందామని ఉంది.

అనుకుంటున్నది ఇదీ:

- ఒక అంగుళం పీవీసీ పైపు 60 సెం.మీ., లోపల కర్ర దూర్చి
- బజార్లో దొరికే 3 మి.మీ. నైలాన్ తాడు, 20 మీటర్లవి రెండు
- బ్రేక్ లైన్లు తీసేసి రెండు లైన్లతోనే ఎగరేయడం
- చేతులు నొప్పి పెట్టకుండా బార్ మధ్యలో ఒక లూప్, దాన్ని నడుము బెల్టుకి కారబైనర్ (స్ప్రింగ్ గేటున్న కొక్కెం)తో తగిలించడం

బరువు 62 కిలోలు. బందరు దగ్గర మంగినపూడిలో గానీ, బాపట్ల వెళ్లి సూర్యలంకలో గానీ ఎగరేస్తాను. వచ్చే ఏడాది రామేశ్వరం వెళ్లి కైట్‌సర్ఫింగ్ నేర్చుకునే ఆలోచన కూడా ఉంది. అప్పుడు 9 మీటర్ల గాలి నింపే కైట్‌కి ఇదే బార్ వాడుకోవచ్చా?

---

లంగరు:

కర్రా పైపా అన్నది తర్వాత చూద్దాం. ముందు తేల్చుకోవాల్సింది, బార్ చేతిలోంచి వదిలేస్తే కైట్ ఏమవుతుందన్నది. మీ డిజైన్‌లో ఏమీ అవదు, లాగుతూనే ఉంటుంది. నడుముకి తగిలించుకున్నారు కాబట్టి మిమ్మల్ని కూడా వెంట తీసుకుపోతుంది. బరువు పడి ఉన్న కారబైనర్ గేటు చేత్తో తెరుచుకోదు. ఆ ప్లాన్ ఇక్కడితో ఆపేయండి.

లాగుడు ఎంతో లెక్క చూడండి. గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది: 0.5 × 1.2 (గాలి సాంద్రత) × వేగం² × విస్తీర్ణం × 0.8 (కైట్ ఆకారాన్ని బట్టి వేసిన అంచనా) అనుకుని, వచ్చిన న్యూటన్లని 9.8తో భాగిస్తే, గంటకు 20 కి.మీ. గాలిలో (సెకనుకు 5.6 మీ.) ఈ కైట్ ఒకచోట నిలబడి ఉంటే నాలుగైదు కిలోలే. అదే కైట్‌ని ఆకాశంలో అడ్డంగా వేగంగా పరిగెత్తిస్తే దానికి తగిలే గాలి మూడు రెట్లు అవుతుంది, లాగుడు తొమ్మిది రెట్లు, అంటే 40 కిలోలు. గాలి 30 కి.మీ.కి పెరిగితే 90 కిలోలు దాటుతుంది. మీ బరువు 62. ఫిక్స్‌డ్ బ్రిడిల్ కైట్‌కి బార్‌ని ముందుకు తోసి లాగుడు తగ్గించుకునే ఏర్పాటు లేదు. తగ్గించే దారి ఒక్కటే, వదిలేయడం. వదిలేస్తే కైట్ లాగుడు చచ్చిపోయేలా లైన్లు కట్టుకోవాలి.

అందుకే బ్రేక్ లైన్లు తీసేయకండి, అవే మీ సేఫ్టీ. రెండింటినీ కలిపి ఒక్క మూడో లైన్ చేయండి:

1. కైట్ వెనక అంచు బ్రేక్ బ్రిడిల్ రెండు వైపుల నుంచి చెరో 2 మీటర్ల లైన్ తెచ్చి ఒకచోట కలపండి. రెండు కాళ్లూ సమానంగా ఉండాలి.
2. అక్కడి నుంచి ఒకే లైన్ 18 మీటర్లు బార్ దాకా వస్తుంది.
3. బార్ మధ్యలో ఉన్న రింగులోంచి కిందికి దిగుతుంది. రింగు కింద ఒక స్టాపర్ బంతి, దాని కింద 60, 70 సెం.మీ. లీష్ (కైట్‌ని మనిషికి కట్టి ఉంచే తాడు), చివర మణికట్టు పట్టీ.

బార్ వదిలితే అది రింగు మీదుగా మూడో లైన్ వెంట జారి పైకి పోతుంది. పవర్ లైన్లు వదులై, లాగుడంతా వెనక అంచు మీద పడి, కైట్ వెనక్కి ముడుచుకుని కింద పడుతుంది. ముక్కు కింద పెట్టి పడిపోతే ఇదే లైన్ లాగి తోక వైపు నుంచి లేపొచ్చు కూడా.

ఈ అమరికలో చాలామంది చేసే తప్పు ఒకటుంది. మూడో లైన్ పొడవు సర్దుకోవడానికి 3 సెం.మీ.కో ముడి చొప్పున నాలుగైదు ముడులు వేస్తాం కదా, వాటిని చేతికి అందుబాటుగా ఉంటాయని బార్ దగ్గర వేస్తారు. వదిలినప్పుడు బార్ ఆ ముడుల మీదుగానే జారాలి. మొదటి ముడి దగ్గరే రింగు పట్టేస్తుంది, బార్ ఒక జానెడు జరిగి ఆగిపోతుంది, కైట్ సగం బ్రేకుతో గిరికీలు కొడుతూ లాగుతుంది. సర్దుబాటు ముడులన్నీ కైట్ దగ్గర, రెండు కాళ్లు కలిసే చోట వేయండి. బార్ దగ్గర లీడర్ (లైన్ కొసకి తగిలే మందపాటి తాడు ముక్క) నున్నగా ఉండాలి. లీడర్, లైన్ కలిసే ఒక్క ముడి తప్పదు కాబట్టి రింగు లోపలి వ్యాసం 20 మి.మీ.కి తగ్గకూడదు. ఇంట్లోనే బార్‌ని ఆ ముడి మీదుగా పదిసార్లు జార్చి చూడండి. ఒక్కసారి తట్టుకున్నా రింగు మార్చండి.

బంతి రింగుకి ఆనుకుని ఉన్నప్పుడు మూడో లైన్ పవర్ లైన్ల కంటే 10–15 సెం.మీ. వదులుగా ఉండాలి. బిగుతైతే వెనక అంచు ఎప్పుడూ లాగి ఉంటుంది, కైట్ పైకెక్కకుండా వెనక్కి జారుతుంది. మరీ వదులైతే లైన్ వేలాడి రెక్క కొనకి చుట్టుకుంటుంది.

ఇక లైన్లు. నైలాన్ వద్దు. తెగే ముందు ఐదో వంతుకు పైగా సాగుతుంది. మీరు బార్ తిప్పింది కైట్‌కి చేరేసరికి ఆలస్యం, తెగితే రబ్బరులా వెనక్కి కొడుతుంది. డైనీమా (చాలా బలమైన పాలిథిలీన్ పీచు) తీసుకోండి, తెగే దాకా లాగినా మూడు నాలుగు శాతమే సాగుతుంది. పవర్ లైన్లు 20 మీటర్లవి రెండు, 200 కిలోల బలం. మూడో లైనుకి 150 కిలోలు చాలు. దుకాణంలో డైనీమా అని చెప్పి వేరేది అంటగడితే ముక్క తడిపి నీళ్లలో వేయండి. డైనీమా తేలుతుంది, నైలాన్, పాలిస్టర్ మునుగుతాయి. పాలీప్రొపిలీన్ కూడా తేలుతుంది గానీ అది గరుకుగా ఉంటుంది, డైనీమా మైనం రాసినట్టు జారుతుంది. చేపల గాలానికి వాడే సన్న బ్రెయిడ్ కూడా ఇదే పీచు, కానీ పవర్ లైనుకి వద్దు. చేతికి, మెడకి తగిలితే బ్లేడే.

ఆ జారుడు గుణం వల్లే డైనీమాలో ఉత్త ముడి నిలవదు. నిలిచినా బలం సగానికి సగం పోతుంది. చివర 20 సెం.మీ. మేర పాలిస్టర్ అల్లిక గొట్టం (స్లీవ్) తొడిగి, దాంతో కలిపి మడిచి, 4 సెం.మీ. లూప్ వచ్చేలా ముడి వేయండి. మధ్యలో తెగిన పవర్ లైన్ ముడేసి వాడటం మానేయండి. సంక్రాంతి పతంగి దారానికి చెల్లుతుంది, దీనికి చెల్లదు.

కొలిచేటప్పుడు ఒక మేకుకి రెండు పవర్ లైన్లు తగిలించి, రెండో కొసన ఒకే బలంతో, ఓ పది కిలోలు అనుకోండి, లాగి చూడండి. తేడా 5 మి.మీ. దాటకూడదు. కొత్త లైన్ ముడులు బిగుసుకుంటాయి కాబట్టి రెండు గంటలు ఎగరేశాక మళ్లీ కొలవాలి. ఎడమ, కుడి తేడా వస్తే కైట్ ఒక పక్కకే లాగుతుంది, జనం కైట్‌ని తిడతారు.

---

లేత్‌పని:

లంగరు గారు లైన్ల సంగతి చెప్పేశారు, నేను బార్ వరకే.

పీవీసీ వద్దు. ఎండకి పెళుసెక్కుతుంది, లోపలి కర్ర పగిలినా బయటికి కనపడదు. వెదురు కూడా వద్దు, బలం ఉన్నా రంధ్రం వేసిన చోట నిలువునా చీలుతుంది.

అల్యూమినియం గొట్టమైతే 6061-టీ6 (గట్టి మిశ్రమం రకం) అని అడిగి తీసుకోండి. కిటికీ ఫ్రేముల షాపులో దొరికేది 6063, దాని బలం టెంపర్‌ని (లోహాన్ని ఎంత గట్టిపరిచారన్నదాన్ని) బట్టి సగానికి కూడా పడిపోతుంది. కొలత 25 మి.మీ. బయటి వ్యాసం, 2 మి.మీ. మందం అయితే మామూలుగా చాలు. కానీ చాలామంది మూడో లైన్ కోసం నడిమధ్యలో 10 మి.మీ. రంధ్రం కొడతారు. వంపు బలం ఎక్కువ పడేది సరిగ్గా అక్కడే.

లెక్క ఇదీ: కైట్ 100 కిలోలతో లాగుతుంటే ఒక్కో కొసన 50. మీరు బార్‌ని ఒక్క చేత్తో మధ్యలో పట్టుకుంటే చేతి నుంచి కొసకి 27 సెం.మీ. అంటే మధ్యలో 132 న్యూటన్ మీటర్ల వంపు. రంధ్రం లేని 25×2 గొట్టంలో లోహం మీద దీనికి పడే ఒత్తిడి 170 మెగాపాస్కల్ (ఒత్తిడి కొలత) దగ్గర ఉంటుంది, 6061-టీ6 సుమారు 275 దాకా ఓర్చుకుంటుంది, ఇబ్బంది లేదు. రంధ్రం పడితే వంపుకి ఆనే పై, కింది అంచుల్లోంచే లోహం పోతుంది, బలం సగానికి పైగా తగ్గుతుంది, ఒత్తిడి 370 దాటుతుంది. గొట్టం రంధ్రం దగ్గర మడత పడుతుంది. మడత పడ్డ అంచు మూడో లైన్ని కోస్తుంది. అంటే సేఫ్టీ కోసం వేసిన రంధ్రమే సేఫ్టీని తీసేసినట్టు.

రెండు దారులున్నాయి. 28×3 గొట్టం తీసుకుంటే రంధ్రంతో కూడా 200 మెగాపాస్కల్ లోపే ఉంటుంది. లేదా అసలు రంధ్రమే వద్దు: 5 మి.మీ. తాడుతో బార్ మధ్యలో ఎనిమిది చుట్లు చుట్టి కట్టు కట్టి, దానికి నున్నటి స్టెయిన్‌లెస్ రింగు బిగించండి. లంగరు గారు అడిగిన 20 మి.మీ. వ్యాసం రింగులోనే కుదురుతుంది, రంధ్రంలో కుదరదు. నా ఓటు దీనికే.

చెక్క కావాలంటే 30 మి.మీ. టేకు కడ్డీ, ముడులు లేకుండా, రేఖలు ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయేలా చూసి తీసుకోండి. రంధ్రం లేకపోతే ఈ కైట్‌కి సరిపోతుంది. పగిలిన క్రికెట్ వికెట్ పనికొస్తుందా అని అడిగేవాళ్లుంటారు. మందం బాగానే ఉంటుంది గానీ చవక వికెట్లలో కర్ర రేఖలు అడ్డదిడ్డంగా ఉంటాయి, వద్దు.

కొసల దగ్గర: పొడవు 55 సెం.మీ. చాలు. కొసల నుంచి 1.5 సెం.మీ. లోపలికి 8 మి.మీ. రంధ్రం, అందులోంచి 5 మి.మీ. లీడర్ తాడు, వెనక ఎనిమిది అంకె ఆకారపు ముడి ఒకటి. కొస దగ్గర వంపు దాదాపు సున్నా కాబట్టి అక్కడ రంధ్రం వల్ల నష్టం లేదు. నష్టం అంచు పదును వల్ల. డ్రిల్లు దిగిన వైపూ, బయటికొచ్చిన వైపూ గుండ్రటి ఆకురాయితో రాసి, తర్వాత 400 నంబర్ ఎమరీ పేపర్. పాత నైలాన్ మేజోడు ముక్క రంధ్రంలో దూర్చి లాగండి. ఒక్క పోగు పట్టుకున్నా మళ్లీ రాయండి. గొట్టం రెండు కొసలకీ నైలాన్ బిరడాలు ఎపాక్సీతో మూసేయండి, లేకపోతే లోపల ఇసుక, ఉప్పునీరు చేరతాయి.

పట్టుకి క్రికెట్ బ్యాట్ రబ్బరు గ్రిప్పులు రెండు. ఎడమకి ఎరుపు, కుడికి ఇంకేదైనా. ఇది అందం కోసం కాదు. కైట్ పడిపోయాక బార్ తలకిందులుగా పట్టుకుని లేపితే ఎడమ కుడి అవుతుంది, కంగారులో దిద్దుకునేలోపే కైట్ నేలకి కొడుతుంది.

---

మంగినపూడి_గాలి:

రింగు, టేకు అనుకుంటున్నాను. బెల్టు ఆలోచన వదిలేశాను. రెండు సందేహాలు: హ్యాండిళ్ల మీద బ్రేకుతో గిర్రున తిరిగేది, బార్ మీద తిరుగుడు తగ్గుతుందా? 9 మీటర్ల కైట్ సంగతి ఎవరూ చెప్పలేదు.

---

లంగరు:

తగ్గుతుంది. నాలుగు లైన్ల ఫాయిల్ తిరిగేదే బ్రేకు మీద. ఈ బార్ మీద పవర్ లైన్ల తేడాతోనే తిప్పుతారు కాబట్టి వలయం పెద్దదవుతుంది, విండ్ విండో (కైట్ ఎగరగలిగే ఆకాశం మేర) అంచుల్లో మొండికేస్తుంది. కప్పీలు పెట్టి బ్రేకులు కూడా బార్‌తో లాగే క్రాస్‌ఓవర్ బార్లు ఉన్నాయి. మొదటిసారి చేసేవాళ్లకి వద్దు, కప్పీ ఇరుక్కుంటే వదిలినా చావదు. చురుకుదనమే కావాలంటే హ్యాండిళ్లే ఉంచుకుని, బ్రేక్ లీడర్లకి తగిలే మణికట్టు పట్టీలు కొనుక్కోండి. హ్యాండిళ్లు వదిలితే రెండు బ్రేకులూ పడతాయి. నిజం చెప్పాలంటే ఈ కైట్‌కి అదే తక్కువ పని.

---

టెక్సాస్_తీరం:

9 మీటర్ల గాలి నింపే కైట్‌కి ఈ బార్ పనికిరాదు. అది వేరే యంత్రం. అక్కడ ముందు లైన్లు రెండూ మధ్యలోంచి వచ్చి హార్నెస్‌కి (నడుముకి కట్టుకునే పట్టీకి) తగులుతాయి, బరువంతా నడుము మోస్తుంది, వెనక లైన్లు బార్ కొసలకి. బార్ ముందుకు తోస్తే వెనక లైన్లు వదులై కైట్ లాగుడు పడిపోతుంది. హార్నెస్ కొక్కేనికి తగిలే చికెన్ లూప్, ప్రమాదంలో దాన్ని ఒక్క కదలికతో విడిపించే క్విక్ రిలీజ్ ఇంట్లో చేయొద్దు, లేత్ ఎంత బాగా ఆడించినా సరే. క్విక్ రిలీజ్‌కి ఐఎస్ఓ 21853 అని 2020లో వచ్చిన ప్రమాణం ఉంది. దానికి సరితూగే బార్ కొనండి.

సెకండ్ హ్యాండ్‌ది కొంటే ఇవి చూడండి:

- హార్నెస్‌ని దూలానికో, గట్టి కొమ్మకో కట్టి, లూప్‌లో మీ పూర్తి బరువు వేసి ఒక్క చేత్తో రిలీజ్ లాగండి లేదా తోయండి, ఏ రకమైతే అది. ఐదుసార్లకి ఐదుసార్లూ తెరుచుకోవాలి. తడి ఇసుక రాసి ఇంకోసారి.
- రిలీజ్ అయ్యాక బార్ ఒక్క ముందు లైన్ మీదుగా చాలా దూరం, కనీసం కైట్ రెక్క వెడల్పంత, అడ్డు లేకుండా జారాలి. అప్పుడే కైట్ జెండాలా ఒక్క లైన్ మీద రెపరెపలాడుతూ పడుకుంటుంది. జారుడు తక్కువైతే గాలి పట్టుకుని మళ్లీ లేస్తుంది.
- బార్ రంధ్రంలో రాసుకునే మధ్య తాడు. ఇసుక దీన్ని తినేస్తుంది. ప్లాస్టిక్ పూత లేచి లోపలి పోగులు కనిపిస్తే మార్చాల్సిందే.
- ట్రిమ్ (ముందు లైన్ల పొడవు సర్దే పట్టీ) పూర్తిగా వదిలి, బార్ పూర్తిగా దగ్గరికి లాక్కుని నాలుగు లైన్లూ ఒక మేకుకి తగిలిస్తే సమానంగా ఉండాలి. వాడిన బార్లలో ముందు లైన్లు బరువుకి సాగి ఉంటాయి, వెనకవి పొట్టి అయినట్టు అవుతుంది, కైట్ వెనక్కి జారుతుంది. కొత్తవాళ్లు దాన్ని గాలి చాలలేదనుకుంటారు.
- ముందు లైన్లు రెండుగా చీలే చోటు బార్‌కి దగ్గరా, దూరమా అన్నది మీ కైట్ తయారీదారు చెప్పిన దానితో కలవాలి. కలవకపోతే తిరగడం మారిపోతుంది.

9 మీటర్లకి 45 నుంచి 52 సెం.మీ. బార్, 20–24 మీటర్ల లైన్లు మామూలే. లీష్‌ని సేఫ్టీ లైనుకే (రిలీజ్ అయ్యాక కైట్‌ని పట్టి ఉంచే ఆ ఒక్క లైనుకే) తగిలించండి. కొందరు చికెన్ లూప్‌కి తగిలిస్తారు, దానికి సూసైడ్ లీష్ అన్న పేరు ఊరికే రాలేదు. రామేశ్వరంలో నేర్పేవాళ్లు బార్ వాళ్లే ఇస్తారు, ఆ పాఠాలు అయ్యేదాకా ఏదీ కొనకండి.

---

సరుగుడుతోట:

ఎగరేసే చోటు గురించి. మన తీరంలో మధ్యాహ్నం గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది. అంటే మీరు సముద్రానికి వీపు పెట్టి నిలబడతారు, కైట్ సరుగుడు తోటలు, కరెంటు తీగలు, రోడ్డు ఉన్న వైపు ఎగురుతుంది. లాగితే మిమ్మల్ని లాగేదీ అటే. లైన్లు 20 మీటర్లు కాబట్టి గాలి పోయే వైపు కనీసం 60 మీటర్లు ఖాళీ ఇసుక చూసుకోండి, పక్కలకి 40. ఒడ్డున పడవలుంటే వాటి లంగరు తాళ్లు కూడా లెక్కలోకే వస్తాయి. సూర్యలంకలో వాయుసేన స్థావరం ఉంది, అక్కడ ఎగరేసే ముందు అడగాల్సిందే. 1934 నాటి విమాన చట్టం గాలిపటాన్ని కూడా విమానాల కింద లెక్కగట్టింది, దాని బదులు 2025లో అమల్లోకి వచ్చిన చట్టమూ అంతే.

కరెంటు తీగ దగ్గరుంటే లైన్ డైనీమాయే, కరెంటు మోయదు కదా అని ధీమా వద్దు. ఉప్పునీటిలో తడిసిన లైన్ కరెంటు మోస్తుంది. తీగకి చిక్కితే వదిలేసి కరెంటు ఆఫీసుకి ఫోన్ చేయడమే.

గంటకు 12–18 కి.మీ. గాలిలో మొదలుపెట్టండి. మబ్బు నల్లగా కమ్ముకొస్తుంటే ముందే దించేయండి, ఈదురుగాలి వచ్చాక దించుదామంటే కుదరదు. సంక్రాంతి రోజుల్లో పతంగులు ఎగిరే చోట ఈ కైట్ లేపకండి. గాజుపొడి మాంజా తగిలితే 200 కిలోల లైన్ కూడా క్షణంలో తెగుతుంది. డైనీమా దాదాపు 145 డిగ్రీలకే కరుగుతుంది, ఒక లైన్ మీద ఇంకో లైన్ ఒకే చోట రాసుకున్నా ఆ వేడి చాలు.

మొదటి రోజు ఎగరేయడం కంటే ముందు వదలడం ప్రాక్టీస్ చేయండి. కైట్‌ని తలపైకి తెచ్చి, కావాలని బార్ వదలండి. రెండు మూడు సెకన్లలో ముడుచుకుని పడాలి. పది సార్లు. తర్వాత మూడు వలయాలు తిప్పి, లైన్లు మెలికపడ్డాక వదలండి. మెలికల్లో బార్ జారడం ఆగితే ఎన్ని మెలికల దాకా భద్రమో మీకే తెలుస్తుంది. అంతకు మించకుండా ఎదురు వలయాలు తిప్పి విప్పుకుంటూ ఉండండి. పడిపోయిన కైట్ దగ్గరికి వెళ్లేటప్పుడు మూడో లైన్ ఒక్కటే పట్టుకోండి, పవర్ లైన్ చేతికి చుట్టుకోవడం వేళ్లు పోగొట్టుకునే పని.

---

మంగినపూడి_గాలి:

అందరికీ థాంక్స్ అండి. మణికట్టు పట్టీ ఏ చేతికి?

---

లంగరు:

మీరు కుడిచేతి వాటమైతే ఎడమ చేతికి. కైట్ పడి మళ్లీ లేచి ఈడ్చుకుపోతుంటే పట్టీని కూడా పీకేయాల్సి వస్తుంది, ఆ పీకడం కుడి చేత్తో జరగాలి. వెల్‌క్రో చివర రెండు వేళ్లు దూరేంత గుడ్డ లూప్ కుట్టించండి. తడి చేతులతో ఉత్త వెల్‌క్రో అంచు దొరకదు. ఇది చివరి మాట కింద పెట్టుకోండి, పీకాక కైట్ ఎవరి మీదికైనా పోతుంది.